ఎదురుగా నిలబడాల్సిన మనిషి

కొట్టిన చెయ్యి ఇంకా మండుతున్నట్టే ఉంది కామాక్షికి. తెల్లారి లేచి పాలు కాచింది, గ్లాసులో పోసి గడప పక్కన పెట్టింది. పాలు మీగడ కట్టి అక్కడే చల్లారిపోయాయి. తాగాల్సిన కూతురు రేవతి, అవ్వ మంచం పక్కన చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రపోవడం లేదని ముగ్గురు పెద్దవాళ్లకూ తెలుసు. లేపే ధైర్యం ఒక్కరికీ లేదు.

నిన్న సాయంత్రం జడ వేస్తుంటే బయటపడింది సంగతి. పైపైన జుట్టు ఆరిపోయింది గానీ కుదుళ్లు తడిగా, జిగటగా ఉన్నాయి. అనుమానమొచ్చి కామాక్షి వేలు నాలుకకు తాకించుకుంది. ఉప్పు. ఎక్కడ తడిపావని అడిగితే కుళాయి దగ్గరంది రేవతి. పాతకుప్పంలో కుళాయి నీళ్లు రాక నాలుగు రోజులైంది, ఊరంతా బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం చూస్తోంది. అబద్ధం కూడా సరిగ్గా ఆడటం రాని పిల్ల అది. రెండు దెబ్బలు పడ్డాక నిజం చెప్పేసింది. అమ్మ సూళ్లూరుపేట బట్టల కొట్లో బిల్లులు కొడుతున్న వేళల్లో, బడి వదిలాక, తాతతో పాటు పడవెక్కి పులికాట్ సరస్సు నీళ్లలోకి పోతోంది. ఈత నేర్చుకుంటోంది.

ఈ ఇంట్లో కామాక్షి పెట్టిన నియమం ఒక్కటే. వంట అత్త ఇష్టం, పండగలు మామ ఇష్టం, పిల్ల చదువు ఊళ్లో ఉన్న బడి ఇష్టం. కానీ రేవతి కాలు మాత్రం నీళ్లలో పడకూడదు. భర్త చిన్నబాబును కాళంగి ఏటి వరద మింగేసిన ఏడాది, సూళ్లూరుపేటలో అద్దె గది ఖాళీ చేసి అత్తగారింటికి వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి అడిగిన మాట అది. మామ గంగులయ్య సరేనన్నాడు. అత్త అంకాలమ్మ తల ఊపింది. వలల మీద బతికే ఇంట్లో అలాంటి మాట ఇవ్వడం ఎంత కష్టమో పుట్టింటి ఊరు సంగంలో వరి పొలాల మధ్య పెరిగిన కామాక్షికి తెలియదు. ఇచ్చారు కదా అని నమ్మింది.

గంగులయ్య వాకిట్లో కూర్చుని చిరిగిన వల కుడుతున్నాడు. కామాక్షి వచ్చి ఎదురుగా నిలబడింది.

"మామా, మీరు నాకు మాటిచ్చినారు."

"ఇచ్చినా."

"మరి?"

"తప్పినా," అన్నాడు ఆయన తలెత్తకుండా.

ఇంకేమన్నా అంటాడేమోనని చూసింది. ఆయన అనలేదు. తగాదా పెట్టుకుందామని వచ్చిన మనిషికి ఎదుటివాడు తప్పొప్పుకుంటే ఒళ్లు మండిపోతుంది. కామాక్షికీ మండింది. ఇన్నాళ్లు మనసులో పెట్టుకున్నదంతా అక్కడే కక్కేసింది. పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి పోతూ పిల్లను ఎవరి చేతుల్లో పెట్టి పోతోందో తనకిప్పుడు అర్థమైందంది. మొగుడు లేని ఆడదాని మాటకు విలువుండదని ఇంట్లోవాళ్లే నేర్పించారంది. పిల్లకు అబద్ధం ఆడటం కూడా తాతే నేర్పాడంది. ఆ చివరి మాటకు గంగులయ్య సూది ఆగింది.

"కుళాయి మాట నేను నేర్పలా," అన్నాడు. "అడిగితే చెప్పమనే అన్నా. నీకు చెప్పాల్సిన పొద్దు ఎట్లాగూ వస్తాదనుకున్నా. ఇంతలోనే..."

"ఎందుకు మామా ఈత? ఈతొచ్చిన మనిషినే నీళ్లు తీసకపోయినాయి గదా. మీ కొడుకు కంటే బాగా ఈదతాదా ఈ పిల్ల?"

గంగులయ్య నోరు తెరిచాడు. వంటింటి గుమ్మంలో నిలబడిన అంకాలమ్మ ఆయనవైపే చూస్తోంది. తెరిచిన నోరు మూసుకుని ఆయన మళ్లీ వల మీదికి వంగాడు. మొగుడూ పెళ్లాల మధ్య ఆ చూపు కామాక్షి చూసింది. అత్త కొడుకును తలుచుకుంటోందనుకుంది. సగం మాత్రమే నిజం అది.

కామాక్షి పెంపకమంతా ఈ ఒక్క లెక్క మీదే నిలబడి ఉంది. మత్స్యకారుడి కొడుకు, పుట్టినప్పటి నుంచి నీళ్లలో పెరిగినవాడు, అలాంటివాడినే వరద బతకనివ్వలేదు. తలకు రాయి తగిలిందని, అందుకే ఈదలేకపోయాడని అత్తమామలు చెప్పారు. అయితే మనిషికి ఈతొచ్చినా రాకపోయినా ఒకటే. బతకాలంటే నీళ్లకు దూరంగా బతకాలి. ఇంతకంటే సూటిగా ఎవరు ఆలోచించగలరు?

ఆ రోజు చిన్నబాబు ఫోన్ చేసింది కూడా ఆమెకు మాట మాటా గుర్తుంది. రేవతికి ఒళ్లు కాలిపోతోంది, మందులు తెమ్మని తనే చెప్పింది. రోడ్డు మీద నీళ్లు పారుతున్నాయి, కాస్త తగ్గాక వస్తానన్నాడు. అవతల బండ్లు పోతున్నాయా అని అడిగింది. ఒకటీ అరా పోతున్నాయన్నాడు. అప్పుడు తనకు నవ్వొచ్చింది. "జాలర్ల కుప్పంలో పుట్టినోడివి, నీకు ఈ పాటి నీళ్లంటే భయమా? మరి అంత ఈత నేర్చింది ఎందుకంట?" అని ఏడిపించింది. అవతల కాసేపు మాట రాలేదు. ఆ తర్వాత "వస్తుండానులే," అన్నాడు. అంతే. నవ్వుతూ మాట్లాడుకున్న మాటలే ఆఖరివయ్యాయని, కనీసం పోట్లాడుకుని విడిపోలేదని ఆమె ఇన్నేళ్లుగా తనకు తాను చెప్పుకుంటూ వస్తోంది. దుఃఖంలో మనిషి ఎంత చిన్నదాన్నయినా పట్టుకుంటాడు.

ఎండ వాకిట్లోకి వచ్చేసరికి హరినాథ్ కారు ఊళ్లోకి వచ్చింది. ఇసకలో చక్రాలు దిగబడతాయని తుపాను షెల్టర్ దగ్గరే ఆపించి నడుచుకుంటూ వచ్చాడు. కామాక్షి పొద్దున్నే ఫోన్ చేసి రమ్మన్నది ఈ అన్ననే. చిన్నబాబును చేసుకున్నప్పుడు చెల్లెలు చచ్చిందనుకుంటామన్నవాడు, చిన్నబాబు పోయాక మొదట తలుపు తట్టినవాడు కూడా ఇతనే. మంచివాడు. తన మంచితనం ఎదుటివాళ్లు తీర్చి తీరాల్సిన బాకీ అనుకునే రకం మంచివాడు.

అంకాలమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. హరినాథ్ చెంబు తీసుకుని అరుగు మీద పెట్టి, చేతిలో ఉన్న తన సీసాలోంచి తాగాడు. అది ప్రతిసారీ జరిగేదే. కామాక్షి ప్రతిసారీ చూడనట్టు తల తిప్పుకుంటుంది. ఈ రోజు ఎందుకో తిప్పుకోలేకపోయింది.

"పెద్దాయనా, నేను తగాదాకు రాలా," అని మొదలుపెట్టాడు హరినాథ్ గంగులయ్యతో. తగాదాకు రాలేదని చెప్పి చాలాసేపు మాట్లాడాడు. నెల్లూరులో మంచి రెసిడెన్షియల్ బడి ఉంది, ఏడాది మధ్యలోనైనా చేర్చుకుంటారు, కరస్పాండెంటు తనకు తెలిసినవాడు. క్రమశిక్షణ అంటే ఏమిటో అక్కడ చూడాలి. తెల్లవారుజామున లేపి చదివిస్తారు. ఫోన్లు ఇవ్వరు, తల్లిదండ్రులను కూడా నెలకోసారే రానిస్తారు. ఈ వయసులో పిల్లల్ని గట్టిగా పట్టుకోకపోతే తర్వాత దొరకరు. ఇదీ ఆయన చెప్పినదాని సారం.

"నెలకోసారా?" అంది కామాక్షి. "అన్నా, నెల్లూరులో గది చూస్తానన్నావు గదా. నేనూ పిల్లా ఉండేదానికి."

"గదెందుకుమ్మా? నువ్వు సంగంలో మన ఇంట్లో ఉంటావు. అమ్మకు తోడుగా ఉంటావు. పిల్ల హాస్టల్లో ఉంటాది. నీ దగ్గరుంటే ఏమైతాదో చూసినాం గదా. పగలంతా కొట్లో ఉంటావు, సాయంత్రం ముద్దు చేస్తావు, లేకపోతే కొడతావు. ఒంటి చేత్తో పిల్లల్ని పెంచలేరు కామాక్షి. ఇది నీ తప్పు కాదు."

తప్పు కాదన్నాడు గానీ, తప్పున్న మనిషితో మాట్లాడినట్టే ఉంది ఆ మాట.  తండ్రి లేని పిల్లను పెంచడం తెలిసినవాళ్లు ఊరి నిండా ఉన్నారు. అన్నకు తెలుసు, మామకు తెలుసు, కొట్లో పక్క కౌంటరు ఆమెకు కూడా తెలుసు. తెలియనిది కన్నతల్లి ఒక్కదానికే. అయినా లోపలికి పోయి సంచీ తీసింది. అన్న తీసుకుపోయేది నచ్చలేదు. కానీ ఇక్కడ నీళ్లున్నాయి. సంగంలో పెన్న ఉన్నా ఇంటికి దూరం.

రేవతి బట్టలు, పుస్తకాలు సర్దింది. రేవతి చాప మీద లేచి కూర్చుని చూస్తోంది. వెంట రానని అనలేదు, వస్తాననీ అనలేదు. ఆ పిల్ల ఏడ్చి గోల చేస్తే కామాక్షికి సులువయ్యేది.

తనవి పెద్దగా ఏమీ లేవు. వంటింట్లో దూలానికి వేలాడే సొరబుర్ర కోసం ముక్కాలిపీట ఎక్కింది. గోంగూర, బెండ, చిక్కుడు విత్తనాలు పోసుకున్న బుర్ర అది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో దూలానికి ఎండిన సొరకాయలు రెండు తాడుతో జంటగా కట్టి వేలాడుతుంటే ఎంత సంతోషపడిందో. పుట్టింట్లోనూ అలాంటి బుర్రల్లోనే విత్తనాలు దాచేవాళ్లు. అడగకుండానే ఒకటి విప్పి మెడ కోసి, లోపల గీకి, మూతి చేసి విత్తనాలు పోసుకుంది. ఆ సాయంత్రం అంకాలమ్మ అన్నం తినలేదు. ఒక ఎండు సొరకాయ కోసం అత్త ఇంత పిసినారితనం చూపుతుందా అని కామాక్షి అప్పట్లో బాధపడింది.

"అది దించబాక," అంది అంకాలమ్మ వెనక నుంచి.

కామాక్షి తిరిగి చూసింది. కోడలు ఏం చేసినా ఎదురు చెప్పని మనిషి అంకాలమ్మ.

"నా విత్తనాలత్తా. సంగంలో వేసుకుంటా."

"విత్తనాలు పోసుకో. బుర్ర ఈడ పెట్టి పో. అది నీది కాదు. నువ్వు దాని మెడ కోసిన పొద్దు కూడా నేను గమ్మునున్నా. ఇప్పుడుండలేను." అంకాలమ్మ గోడ పట్టుకుంది. "అది చిన్నబాబుది."

హరినాథ్ గుమ్మంలోకి వచ్చి, ఒక సొరకాయ కోసం ఈ తంతేమిటన్నట్టు చూస్తున్నాడు. గంగులయ్య వల వదిలేసి లేచాడు. కామాక్షి పీట మీదే నిలబడి ఉంది.

"ఆయనదంటే?"

ఈ ఊళ్లో పిల్లలకు నడక వచ్చాక నేర్పేది ఈతే. ఎండిన సొరబుర్రలు రెండు వీపుకు కట్టి నీళ్లలో వదులుతారు. బుర్రలు తేలుస్తాయి, పిల్లలు చేతులు కాళ్లు ఆడించడం నేర్చుకుంటారు. కుదిరిందనుకున్న రోజు పడవలో లోతుకు తీసుకుపోయి బుర్రలు విప్పేస్తారు. తల్లో తండ్రో ఒడ్డువైపు నడుము లోతు నీళ్లలో ఎదురుగా నిలబడతారు. పిల్ల పడవ వదిలి వాళ్ల దగ్గరికి ఈదుకుంటూ రావాలి. ఎదురు నిలబడ్డవాళ్లు ఒక్క అడుగు ముందుకు వెయ్యకూడదు, వేస్తే ఆ రోజు చెల్లదు. ఇదంతా అంకాలమ్మ ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఇన్నేళ్లు ఈ ఇంట్లో ఉండి, నీళ్ల మాట ఎత్తనివ్వకుండా ఉంచి, కామాక్షి ఇందులో ఒక్కటీ ఎరగదు.

"అంటే ఆయన ఈ బుర్రలతోనే ఈత నేర్చుకున్నారా?" అంది, చేతిలో ఉన్నదాన్ని చూస్తూ. మెడ కోసినందుకు ఇప్పుడు నిజంగానే సిగ్గేసింది.

"నేర్చుకోలా," అంది అంకాలమ్మ.

 కామాక్షికి మాట వినపడింది గానీ లోపలికి పోలేదు.

మిగతాది గంగులయ్య చెప్పాడు. చిన్నబాబుకు ముందు ఒక కొడుకు ఉండేవాడు. అయిదేళ్లవాడు, పడవ పక్కన ఆడుకుంటూనే నీళ్లలో పడి పోయాడు. ఆ తర్వాత చిన్నబాబు పుడితే అంకాలమ్మ వాడిని చీర కొంగుకు కట్టుకుని పెంచింది. ఊరి నోరు మూయించడానికి బుర్రలు కట్టనిచ్చింది గానీ విప్పే రోజున నీళ్లలోకి దిగలేదు. తను నిలబడతానని గంగులయ్య అంటే ఆయన కాళ్లు పట్టుకుంది. పడవలో పిల్లవాడు, ఒడ్డున ఏడుస్తున్న తల్లి, చూసేవాళ్లు వేరే లేరు. వాడు పడవ వదల్లేదు. ఆ తర్వాత వాడు చదువుకున్నాడు, గూడూరులో ఐటీఐ చేశాడు, మెకానిక్కయ్యాడు. ఈత రాదన్న సంగతి ఇంట్లో ముగ్గురికీ తప్ప ఎవరికీ తెలియకుండా బతికాడు.

"తలకు రాయి తగిలిందన్నారు," అంది కామాక్షి.

"అన్నాం," అన్నాడు గంగులయ్య.

"నాకెందుకు చెప్పలా? పెళ్లప్పుడు చెప్పకపోతే చెప్పకపోయినారు. పోయినాక కూడా ఎందుకు చెప్పలా?"

"వాడే వద్దన్నాడు తల్లీ. కులం కాదని, ఊరు కాదని అందర్నీ ఎదిరించి నా కోసం వచ్చింది, దాని ముందు నన్ను చులకన చెయ్యబాకండి అన్నాడు. కుప్పంలో పుట్టి ఈత రాదంటే నవ్వతాది అన్నాడు. పోయినాక ఏమని చెప్పేది?"

నవ్వతాది అన్నాడట. కామాక్షి పీట దిగి, దిగినచోటే కూర్చుంది. ఫోన్లో ఆ రోజు అవతల మాట రాని ఆ కాసేపు ఇప్పుడు మళ్లీ చెవిలో వినిపించింది. ఇన్నేళ్లుగా ఆ నిశ్శబ్దంలో ఆయన నవ్వుకుంటున్నాడనుకుంది. ఆయన నీళ్లవైపు చూస్తూ నిలబడ్డాడు. నిజం చెప్పాలా, దిగాలా అని చూస్తూ నిలబడ్డాడు. చెప్పడం కంటే దిగడమే సులువనిపించింది. ఏడిపించి దింపింది తను. ఈ మాట ఎవరితో చెప్పుకుంటుంది? నోరు తెరిస్తే అరుపు వస్తుందని పెదాలు బిగబట్టుకుంది.

"పిల్లను నీళ్లలోకి పంపింది ఈయన కాదు," అంది అంకాలమ్మ. "నేను. నీ మాట జవదాటి నేనే పొమ్మన్నా. నువ్వు దాని కాలు తడవనియ్యకుండా పెంచతా ఉంటే నన్ను నేను చూసుకున్నట్టుండేది. ఒకణ్ణి అట్టనే పెంచినా. ఇంకొకరిని పెంచనియ్యను."

ఇక్కడ హరినాథ్ కలగజేసుకున్నాడు. అతని మాటలో అన్యాయం లేదు, అదే చిక్కు. మనిషి చావును గురించి ఇన్నేళ్లు అబద్ధం చెప్పినవాళ్లు, తల్లికి చెప్పకుండా పిల్లను లోతు నీళ్లకు తీసుకుపోయినవాళ్లు, ఇంకేం దాచారో ఎవరికి తెలుసన్నాడు. ఇంతకంటే ఇక్కడ ఒక్క గడియ కూడా ఉండటం పిల్లకు మంచిది కాదన్నాడు. సంచీ చేతిలోకి తీసుకున్నాడు.

"రేవతిని పిలువు. పోదాం."

కామాక్షి పిలిచింది. పలకలేదు. చాప ఖాళీగా ఉంది, గడప పక్కన పాలగ్లాసు ఖాళీగా ఉంది. తాగి మరీ పోయింది. మాటలన్నీ విని పోయిందని ఆ గ్లాసే చెబుతోంది. అంకాలమ్మ గభాల్న పెరటి పందిరి కిందికి పోయి చూసింది. రేవతి కోసం దాచిన బుర్రల జంట అక్కడ లేదు. చిన్నబాబుదే మిగిలిన బుర్ర ఒకటి, దానికి తోడు కొత్తది ఒకటి కలిపి కట్టిన జంట అది.

ఇసకలో పరిగెత్తితే కాలు సాగదు. కామాక్షి చెప్పులు ఎక్కడ వదిలిందో ఆమెకే తెలియదు. వెనక హరినాథ్ ఏదో అంటున్నాడు, ఆయాసంలో వినపడలేదు. ఆదివారం కావడంతో రేవు ఖాళీగా ఉంది. ఆరేసిన వలల పక్కన ఇసక మీద సొరబుర్రలు రెండూ కనిపించాయి. తాడు ముడి విప్పి, చుట్టి, పక్కన పెట్టి ఉంది. విప్పింది ఎవరో అడగక్కర్లేదు.

కాలువ పారే లోతు దగ్గర గంగులయ్య పడవ నీళ్లలో పాతిన గెడకు కట్టి ఉంది. పడవ అంచు పట్టుకుని రేవతి తల ఒక్కటే నీళ్ల పైన కనిపిస్తోంది. అక్కడిదాకా ఎలా పోయిందో, గట్టున పడవల తాళ్లు పట్టుకుని పాకుతూ పోయిందో, ఈదుతూ పోయిందో ఆలోచించే తీరిక కామాక్షికి లేదు. గంగులయ్య పంచె ఎగ్గట్టి అప్పటికే నీళ్లలోకి దిగి పడవ వైపు పోతున్నాడు.

"తాతా, నువ్వు రాబాక," అంది రేవతి. నీళ్ల మీదుగా గొంతు స్పష్టంగా వచ్చింది. "అమ్మ నిలబడాల."

గంగులయ్య ఆగాడు. ఆగి, పక్కకు జరిగి, చెయ్యి చాస్తే పిల్ల అందే దూరంలో పడవ కొసను పట్టుకుని నిలబడ్డాడు. ఒడ్డువైపు తిరిగి కోడల్ని చూశాడు.

"అమ్మాయ్, అది ఈదతాది. నేను చూసినా. వద్దంటే ఇప్పుడే ఎత్తి పడవలో ఏస్తా. నువ్వు చెప్పు."

నువ్వు చెప్పు. ఎన్నేళ్ల తర్వాతో ఈ పిల్ల గురించి ఎవరో తనను అడిగారు. హరినాథ్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. పిల్ల మొండితనానికి లొంగావంటే జన్మలో మాట వినదని, ఎత్తుకు రమ్మనమని, రెండు తగిలించి కారెక్కించమని చెప్పాడు. ఆ పట్టు నొప్పెట్టేలా ఉంది. మేనకోడలంటే ప్రేమ లేనివాడి చెయ్యి కాదది.

అంకాలమ్మ ఆయాసపడుతూ వచ్చి ఇసక మీద, బుర్రల పక్కన ఆగింది.

"ఆ పొద్దు నేను ఈడనే కూలబడినా," అంది మెల్లగా. "వాడు నన్నే చూస్తా ఉన్నాడు."

కామాక్షి అన్న చెయ్యి విడిపించుకుంది. పాదాల మీదికి నీళ్లు వచ్చాయి. మోకాళ్లకు వచ్చాయి. అడుగున బురదలో కాళ్లు మెత్తగా దిగిపోతున్నాయి. చీర బరువెక్కి కాళ్లకు చుట్టుకుంది. నడుము దగ్గరికి నీళ్లు వచ్చాక ఆగింది. ఇంకా ముందుకు పోవాలని ఒళ్లంతా లాగుతోంది. పోకూడదని అత్త చెప్పింది.

"అమ్మా," అంది రేవతి. పెదాలు నీలంగా ఉన్నాయి, కళ్లు పెద్దవై ఉన్నాయి. "నాకు భయంగా ఉంది."

కామాక్షి నోటిలో జవాబు సిద్ధంగానే ఉంది. ఇన్నేళ్లూ సిద్ధంగా ఉన్న జవాబే. అయితే వద్దులే, తాత చెయ్యి పట్టుకో అనాలి. లేదంటే నవ్వుతూ, నీళ్లలో పుట్టినోళ్ల పిల్లవి, నీకు భయమేంది అనాలి. రెండూ నాలుక మీదికి వచ్చాయి. రెండింటినీ మింగింది. తల్లీకూతుళ్ల మధ్య కాసేపు మాట లేదు. ఆ కాసేపు ఎంత పొడుగో కామాక్షికి తెలుసు. అందులో ఏముంటుందో ఈ పొద్దే తెలిసింది.

"నాకూ భయంగానే ఉంది," అంది. "నీకు రావాలని ఉంటే రా. లేకపోతే తాత తీసుకొస్తాడు. నవ్వను."

ఒడ్డున హరినాథ్ ఆమెను పేరు పెట్టి గట్టిగా పిలిచాడు. ఆమె తిరిగి చూడలేదు.

రేవతి పడవ వదిలింది. రెండు చేతులు ఆడాయి, నీళ్లు చెదిరాయి, తల ఒకసారి పైకి వచ్చింది. తర్వాత కిందికి పోయింది. గంగులయ్య పడవ కొస మీద నుంచి చెయ్యి తీశాడు, కానీ చాచలేదు. కోడలి మొహంవైపే చూస్తున్నాడు.

బురదలో దిగిన కామాక్షి కుడికాలు దానంతట అదే పైకి లేచింది.